దీపం సంగతి ఏమైంది?

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా నల్లజాతి చిత్రకారుడు ఆర్చిబాల్డ్ మోట్లీ 1943లో వేసిన ‘నైట్‌లైఫ్’ చిత్రం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. ఆ బొమ్మ గురించి తెలుగులో ఒకరు రాయబూనడమే విశేషమని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను గాని, “ఈ చిత్రం జీవనోత్సాహానికి నిలువెత్తు నిదర్శనం” అన్న మొదటి వాక్యం దగ్గరే నా ఉత్సాహం సగం చచ్చింది. ఆ తరువాత ఉల్లాసం, ఉద్వేగం, మత్తు, మాదకత వరుసగా వచ్చాయి. చివరి పేరాలో వీటన్నిటి వెనుకా దాగి ఉన్న ఒంటరితనం కూడా వచ్చింది. ఇన్ని భావాలను పేరు పేరునా పలకరించిన దానివి, ఆ గదిలో వెలుగు ఏ రంగులో ఉందో మాత్రం వ్యాసం మొత్తంలో ఒక్కచోట కూడా చెప్పలేదు.

అయినా జవాబు రాస్తున్నానంటే కారణం మూడో పేజీలోని ఒక వాక్యం. “అందరూ తాగుతూ ఆడుతూ ఉండగా కౌంటరు వెనుక ఒకడు సీసాలు సర్దుకుంటున్నాడు” అని రాశావు. అది చూసినవాళ్లు రాసే వాక్యం. ఆ వెంటనే “జీవితమే ఒక మధుశాల కదా” అని దాని గొంతు నులిమేశావు. మొదటిది నీది, రెండోది ఎవరెవరి నోళ్లలోనో నాని నీ దగ్గరికి వచ్చింది. రెండోదాన్ని కొట్టేసి, మొదటిదాన్ని పట్టుకుని ఇంకో పేజీ ఎందుకు రాయలేదన్నదే నా ఫిర్యాదు.

మొండితనమనుకున్నా సరే, నా మాట చెప్పేస్తాను. రాత్రి బొమ్మ గురించి రాసేవారు ముందు దీపం గురించి రాయాలి. అది ఎక్కడుంది, ఏ రంగులో ఉంది, ఎవరి మీద పడుతోంది, ఎవరికి అందడం లేదు అన్నవి తేలేదాకా ఒక్క భావం పేరు కూడా ఎత్తకూడదు. పగటి బొమ్మలో వెలుగు అందరిదీ గనుక ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. రాత్రి బొమ్మలో ప్రతి వెలుగూ ఎవరో డబ్బు పెట్టి వెలిగించినదే, దానికి ఏదో ఒక అవసరం ఉండి తీరుతుంది. అక్కడ ఎవరు ఎంతసేపు కూర్చోవచ్చో, ఎవరిని ఎవరు చూడవచ్చో ఆ వెలుగే నిర్ణయిస్తుంది. నువ్వు ‘మూడ్’ అని పదే పదే అన్నది అక్కడే పుడుతుంది.

నీ బొమ్మకే వద్దాం. షికాగో దక్షిణ భాగంలోని బ్రాంజ్‌విల్ అనే నల్లజాతివారి పేటలో అది కిక్కిరిసిన ఒక క్యాబరే, అంటే ఆటపాటలతో నడిచే మద్యశాల, గోడ గడియారంలో ఒంటి గంట. బల్లల చుట్టూ కూర్చున్నవారు, బారు దగ్గర చేరినవారు, వెనకగా ఆడుతున్న జంటలు, కుడివైపు నాణెం వేస్తే పాట పాడే జూక్‌బాక్సు అని నువ్వు సామాను పట్టీ రాశావు గాని, వీటన్నిటి మీదా పరుచుకున్న ముదురు ద్రాక్షసారా ఎరుపును వదిలేశావు. లోకంలో ఏ దీపమూ అలాంటి వెలుగు ఇవ్వదు. గోడలకూ బట్టలకూ చర్మానికీ అదే రంగు కొంచెం కొంచెం అంటి ఉండడం వల్లనే అంతమంది మనుషులు విడివిడిగా కాక ఒకే గుంపుగా కనబడతారు. దానికి తోడు వాళ్లను ఒక ఏటవాలు గీత వెంట ఇరికించి పేర్చడంతో, గది లోతు కుదించుకుపోయి రంగస్థలంలాగా మన మీదికి వస్తుంది. నీ జీవనోత్సాహం ఆ ఏటవాలు గీతలో ఉంది. అవే మనుషులను వరుసగా కూర్చోబెట్టి తెల్లని వెలుగులో వేసి ఉంటే అది పెళ్లి భోజనాల పంక్తి అయ్యేది.

ఇక నీ సీసాల మనిషి దగ్గరికి రా. బారులో పనిచేసేవాళ్లు ఇద్దరు. ఒకడు గిరాకీ చూసుకుంటుంటే రెండోవాడు అరలో సీసాలు నింపుతున్నాడు. ఆ అర వెలుగులో మెరిసిపోతోంది. మనుషులకు దక్కింది అందరూ పంచుకునే ఎరుపు; సరుకుకు మాత్రం ప్రత్యేకంగా వెలుగు పెట్టారు. నువ్వు రాసిన మంచి వాక్యానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న సంగతి ఇది. ఆ అడుగు వేయకుండా, జూక్‌బాక్సు మీద ఉన్న విచిత్రమైన తల దగ్గరికి పోయి, దాన్ని పాపానికి సంకేతమైన రాక్షస ముఖం చేశావు. అది వేరుశనగ గుళ్లు అమ్మే యంత్రం కావచ్చునని ఆ బొమ్మ ఉన్న షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంవారి వివరణ: నాణెం వేసి నాలుక లాగితే గుళ్లు రాలేవి. సంకేతమని రాసే ముందు అది వస్తువేమో చూసుకోవాలమ్మా.

మోట్లీ ఈ బొమ్మకు ముందటి ఏడాది ఆ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోనే మరో అమెరికా చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ వేసిన ‘నైట్‌హాక్స్’ చూశాడు. హాపర్ దాన్ని 1942 జనవరిలో పూర్తి చేస్తే ఆ మ్యూజియం అదే ఏడాది కొన్నది. కృత్రిమమైన వెలుగును హాపర్ వాడిన తీరు మోట్లీని ఆకట్టుకుంది. ఆ బొమ్మలో ఒక మూల హోటలు, పెద్ద అద్దం, లోపల నలుగురు మనుషులు, బయట ఖాళీ వీధి ఉంటాయి. ఆ రోజుల్లో ఇంకా కొత్తదైన ట్యూబులైటు వెలుగు అద్దం దాటి ఫుట్‌పాత్ మీద పడుతుంది. వీధిలోకి తెరుచుకునే తలుపు ఎక్కడా కనబడదు. ఒక బొమ్మలో నలుగురే ఉన్నా దగ్గర కాలేరు. మరో బొమ్మలో భుజానికి భుజం తగలకుండా ఎవరూ కదలలేరు. నీ చివరి పేరాలోని ఒంటరితనం హాపర్ బొమ్మది. దాన్ని తెచ్చి మోట్లీ బొమ్మకు అంటించావు. నగరం, రాత్రి, మద్యం మూడూ ఒకచోట కనబడితే చాలు ఒంటరితనం అనేయడం ముందు మన కథకులకు పట్టిన ఫ్యాషను. ఇప్పుడు చిత్రాల మీద రాసేవారికీ పాకింది. సంతోషంగా ఉన్నవాళ్లు సంతోషంగా ఉన్నారని ఒప్పుకోవడానికి మనవాళ్లకు ఎందుకో మనసొప్పదు.

దీపం అంత పని చేస్తుందా అని అనుమానం రావచ్చు. నువ్వు ఈ ఊరి పిల్లవే గనుక నీకు తెలిసిన సంగతే చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చిపెట్టాక వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చారు. అంతకు ముందు సోడియం దీపాల పసుపు కింద ఎర్ర చీర మట్టి రంగుకు దిగేది, నీలం చొక్కా నల్లబడేది, అందరి ముఖాలూ ఒకే రంగులో ఉండేవి. ఇప్పుడు రామకృష్ణా బీచ్‌లో మురీ మిక్చరు బండి దగ్గర నిలబడితే తరిగిన ఉల్లిపాయల ఎరుపు, నిమ్మచెక్కల పసుపు, వేయించిన గుళ్ల గోధుమ రంగు వేటికవే కనబడతాయి, కలిపేవాడి ముఖంలో అలసటతో సహా. పాత వెలుగులో ఆ గిన్నెలన్నీ ఒకటే. ఒక రాత్రి అక్కడ గంటసేపు నిలబడి, భావం పేరు ఎత్తకుండా రెండు పేజీలు రాయి. మోట్లీ ఎరుపు జోలికి ఆ తరువాత వెళ్దువుగాని.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. రేవులో రాత్రి డ్యూటీ గుమాస్తాగా ఉన్న రోజుల్లో, తెల్లారాక ఇంటికి పోకుండా యూనివర్సిటీ గ్రంథాలయానికి వెళ్లి, చిత్రకళ పుస్తకాల్లోని రంగుల ప్లేట్లను భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. వాన్ గో 1888లో ఆర్ల్ పట్టణంలో వేసిన ‘రాత్రి కెఫే’ మీద నా మొదటి వ్యాసం అలా తయారైంది. ఆ బొమ్మ కోసం ఆయన మూడు రాత్రులు మేలుకుని పగలు నిద్రపోయాడు; మనుషుల భయంకరమైన ఉద్రేకాలను ఎరుపు, ఆకుపచ్చలతో చెప్పబోయానని తమ్ముడు థియోకు రాశాడు. నా వ్యాసమంతా ఆ ఎర్ర గోడలకూ ఆకుపచ్చ కప్పుకూ మధ్య తగాదా మీదే. ఒక వారపత్రిక దాన్ని వేసుకుంది గాని, బొమ్మను నలుపు తెలుపులో వేసింది. ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగులో అచ్చయ్యాయి, వాటి కింద వాటి పోట్లాట గురించి నా వ్యాసం! పైగా రంగుల గొడవ ఎక్కువైందని రెండు పేరాలు కోసేసి, ఆ జాగాలో చిత్రకారుడు చెవి కోసుకున్న కథ ఇరికించారు. సంపాదకుణ్ణి అడిగితే, “బొమ్మ ఎవరిక్కావాలండీ, మనిషి కష్టాలు రాయండి” అన్నాడు. ఆయన పోయాడు గాని ఆ పద్ధతి నిక్షేపంగా ఉంది.

నీ వ్యాసంలో ఆ కోత నువ్వే వేసుకున్నావు. మోట్లీ 1891లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టడం, షికాగోలో పెరిగి చదువుకోవడం, 1929లో కళాకారులకూ పండితులకూ ఇచ్చే గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ రావడం, దాని మీద పారిస్ వెళ్లడం, వీటికి ఒకటిన్నర పేజీ ఇచ్చావు. ఆయన జీవితంలో ఈ బొమ్మకు పనికివచ్చే ముక్క మాత్రం అందులో లేదు. ఆయన కాపురం బ్రాంజ్‌విల్‌లో కాదు. తెల్లవారు ఎక్కువగా ఉండే ఎంగిల్‌వుడ్‌లో పెరిగినవాడు, ఈ పేటకు చూడడానికీ గీయడానికీ వచ్చేవాడు. అలా వచ్చి చూసిన మనిషి మనల్ని ఆ గదిలో ఎక్కడ నిలబెట్టాడు, గుంపులో చేర్చాడా, వెలుపలే ఉంచాడా? నాకు వెలుపలే అనిపిస్తుంది. నీకు వేరుగా అనిపిస్తే కారణం బొమ్మలోంచే చూపించు.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, అది నీ ఇష్టం. ఏ పత్రికకు పంపాలో నేను చెప్పను. తిరగరాసేటప్పుడు కొలతలు కూడా సరిచూసుకో. నువ్వు “గోడంత చిత్రం” అన్నది 91.4 సెంటీమీటర్ల ఎత్తు, 121.3 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాన్వాసు. మీ ఇంటి గోడలు అంత పొట్టివి కావనుకుంటాను. ఫోనులో చూసి రాసినట్లున్నావు. ఎక్కడైనా పెద్ద తెర మీద పెట్టుకుని, సీసాల అర దగ్గర మొదలుపెట్టి చూడు. కాగితానికి ఒకవైపే రాసి, మార్జిను వెడల్పుగా వదిలి పంపు. ఈసారి నా ఎర్ర సిరాకు చోటు చాలలేదు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి