నెట్ స్పెండ్ చూసి మేనేజర్ సత్తా చెప్పొచ్చా?

ఆటగాళ్లను ఎంతకు కొన్నాడు, ఎంతకు అమ్మాడు అని లెక్క వేస్తే (ఆ తేడానే నెట్ స్పెండ్ అంటారు) ఫుట్‌బాల్ మేనేజర్ ట్రాన్స్‌ఫర్లలో సమర్థుడో కాదో తెలిసిపోతుందా అని మీరు అడిగారు. సరిగ్గా ఆ లెక్కే నేను ఏడేళ్లు రాశాను. అది చాలదు.

నేను లండన్ క్లబ్ ఆర్సెనల్ అభిమానిని. 2006లో వరంగల్‌లో చదువుకునేటప్పుడు, హాస్టల్లో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో స్కేలు పెట్టి గీతలు కొట్టి నాలుగు గడులు చేసుకున్నాను: పేరు, కొన్న ధర, అమ్మిన ధర, మిగిలింది. ఆర్సెన్ వెంగర్ 1996లో మేనేజర్‌గా వచ్చిన దగ్గర్నుంచీ మొదలుపెట్టాను. స్ట్రైకర్ అనెల్కా వరుస చూస్తే కడుపు నిండిపోయేది. 5 లక్షల పౌండ్లకు తెచ్చి, రెండేళ్లు తిరిగేసరికి 2.2 కోట్లకు పైగా రియల్ మాడ్రిడ్‌కు అమ్మారు. అందులో సగం డబ్బుకే ఆ వేసవిలో హెన్రీ వచ్చాడు. కోలో టూరే అయితే లక్షన్నర! ఎవరు వాదనకు దిగినా ఆ పేజీ తీసి ముందు పెట్టేవాణ్ణి.

ఆ నమ్మకం స్ట్రైకర్ వాన్ పెర్సీ దగ్గర దెబ్బతింది. 2004లో 27.5 లక్షలకు వచ్చాడు. 2012లో, కాంట్రాక్టు ఇంకో ఏడాదే ఉందనగా, 2.4 కోట్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. నా పుస్తకం ప్రకారం మంచి లాభం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఒక రాత్రి, పన్నెండు దాటాక, రూమ్‌లో సౌండ్ తగ్గించి యునైటెడ్, ఆస్టన్ విల్లా మ్యాచ్ చూస్తున్నాను. రూనీ వెనక నుంచి ఎత్తి వేసిన బంతిని కింద పడనివ్వకుండానే వాన్ పెర్సీ నెట్‌లోకి కొట్టాడు. ముప్పావు గంట కూడా కాకముందే హ్యాట్రిక్, ఆ రాత్రే వాళ్లకు టైటిల్. ఆ సీజన్ లీగ్‌లో అతనివి 26 గోల్స్. ఆ నష్టం రాసుకోవడానికి నా పుస్తకంలో గడే లేదు.

అలాగని తప్పంతా వెంగర్‌ మీద వేయలేం. 2006లో కొత్త స్టేడియం ఎమిరేట్స్‌కు దాదాపు 39 కోట్ల పౌండ్లు ఖర్చయింది. ఆ అప్పు తీరుస్తూ జీతాల్లో చెల్సీ, మాంచెస్టర్ సిటీలతో పోటీ పడటం అయ్యే పని కాదు. పైగా ఏళ్ల తరబడి బేరాలు నడిపిన డేవిడ్ డీన్ 2007లో క్లబ్ వదిలి వెళ్లారు. చేతిలో డబ్బెంత, పక్కన ఎవరున్నారు అని చూడకుండా 2001 వెంగర్‌నీ 2011 వెంగర్‌నీ ఒకే తక్కెడలో వేయడం అన్యాయం.

కానీ 2015 వేసవిని మాత్రం నేను సమర్థించను. అప్పటికి చేతిలో డబ్బుంది. మిడ్‌ఫీల్డర్ ఓజిల్ కోసం 4 కోట్లకు పైనే పెట్టి రెండేళ్లయింది. అయినా మొదటి జట్టుకు గోల్‌కీపర్ పీటర్ చెక్ తప్ప ఇంకెవరూ రాలేదు. ఆ సీజన్‌లో లెస్టర్ సిటీ చాంపియన్ అయింది, మనం పది పాయింట్లు వెనకబడి రెండో స్థానంలో ఆగాం. ఒక్క మంచి స్ట్రైకర్ వచ్చి ఉంటే అని ఇప్పటికీ బాధపడతాను. కొనని ఆటగాడికి నెట్ స్పెండ్‌లో చోటు ఉండదు.

అందుకే మీరు లెక్క వేస్తే జీతం, కాంట్రాక్టులో మిగిలిన కాలం, ఆడిన మ్యాచ్‌లు, వెళ్లిపోయాక ఆ స్థానంలో ఎవరొచ్చారు అన్నవి కూడా పెట్టుకోండి. డిఫెండర్ సోల్ క్యాంప్‌బెల్‌నే తీసుకోండి. 2001లో టాటెన్‌హామ్ నుంచి ఒక్క పౌండు ఫీజు లేకుండా వచ్చాడు, జీతం మాత్రం భారీదే. 2006లో అలాగే ఫీజు లేకుండా వెళ్లిపోయాడు. నా పుస్తకంలో ఆ వరుస నిండా సున్నాలే. ఆ ఐదేళ్లలో రెండు లీగ్ టైటిళ్లు వచ్చాయి, అందులో ఒకటి ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా. 2006 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో బార్సిలోనా మీద మనం కొట్టిన ఏకైక గోల్ కూడా అతని తల నుంచి వచ్చిందే.