పాత ఫోన్ చేతులు మారే ముందు

ప్రశ్న: ఎక్స్ఛేంజ్‌లో ఇద్దామని నా పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను పవర్, వాల్యూమ్ బటన్లు నొక్కిపట్టి రీసెట్ చేశాను. ఇప్పుడు ఆన్ చేయగానే పాత జీమెయిల్ ఖాతా అడుగుతోంది. పాస్‌వర్డ్ గుర్తు లేదు. అరండల్‌పేటలో ఒక షాపువారు డబ్బు తీసుకుని లాక్ తీసిపెడతామంటున్నారు. ఇంతకుముందు డిస్‌ప్లే మార్పించింది కూడా వాళ్ల దగ్గరే, అప్పుడు ప్యాటర్న్ రాసిచ్చాను. ఇవ్వవచ్చా? (ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

ఇవ్వవద్దు. ఫోన్ ఎత్తుకుపోయినవాడు దానిని బటన్లతో చెరిపేసి అమ్ముకోకుండా 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన రక్షణ ఇది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, స్క్రీన్ లాక్ పిన్ కొట్టి రీసెట్ చేస్తే యజమానే చెరుపుతున్నారని ఫోన్ గుర్తిస్తుంది. బటన్ల దారిలో వెళ్తే మీరెవరో దానికి తెలిసే అవకాశం లేదు కనుక, అంతకుముందు అందులో ఉన్న ఖాతా వివరాలు చెప్పమంటుంది. చాలా ఫోన్లు అదే తెరపై పాత పిన్‌ను గానీ ప్యాటర్న్‌ను గానీ అంగీకరిస్తాయి కనుక ముందు అది ప్రయత్నించండి. కుదరకపోతే, ఇదివరకు మీరు లాగిన్ అయిన కంప్యూటర్‌లోనో, ఇంట్లోని మరో ఫోన్‌లోనో గూగుల్ ఖాతా రికవరీ పేజీ తెరిచి, ఖాతాకు జతచేసిన మొబైల్ నంబరు సాయంతో పాస్‌వర్డ్ మార్చుకుని, 24 గంటలు ఆగి, పాత ఫోన్‌లో కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇకముందు ఏ ఫోన్‌నైనా ఇచ్చేసేటప్పుడు ముందుగా సెట్టింగ్స్‌లో ఖాతాను తొలగించి, ఆ తరువాతే అక్కడి నుంచే రీసెట్ చేయండి. ఐఫోన్‌లోనూ ఇంతే. 2013 నుంచి ఉన్న యాక్టివేషన్ లాక్ కారణంగా, ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ కాకుండా ఇచ్చిన ఫోన్ కొన్నవారికి ఎందుకూ పనికిరాదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ ప్యాటర్న్ సంగతి. విజయవాడ గవర్నర్‌పేటలో చూసినా, గుంటూరులో చూసినా, రిపేరుకు వచ్చిన ఫోన్ వెనుక ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది. దానిమీద పేరు, నంబరు, తొమ్మిది చుక్కలు, ఆ చుక్కలను కలుపుతూ పెన్నుతో గీసిన గీత కనిపిస్తాయి. ఆ ఫోన్ సాయంత్రం వరకు కౌంటర్ మీద అలాగే ఉంటుంది, వచ్చిపోయేవారందరికీ ఆ గీత కనబడుతూనే ఉంటుంది. స్క్రీన్ లాక్ అంటే ఫోన్ తెరిచే మీట మాత్రమే అనుకునే రోజులు పోయాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ దానితోనే కనబడతాయి, పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు స్క్రీన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకున్న ఖాతాలు దానితోనే తెరుచుకుంటాయి, చాలామంది యూపీఐ పిన్‌గా కూడా అవే అంకెలు వాడుతున్నారు. తెరిచి ఉన్న ఫోన్‌తో మరొకరి కంప్యూటర్‌లో మీ వాట్సాప్‌ను లింక్ చేయడానికి నిమిషం చాలు, ఆ తరువాత మీకు వచ్చే ప్రతి సందేశమూ వారూ చదువుకోవచ్చు. రిపేరు చేసేవారిలో అత్యధికులు నిజాయతీగా పనిచేసుకునేవారేనని నేను నమ్ముతాను. అయినా, డిస్‌ప్లే మార్చడానికి బీరువా తాళం ఇవ్వవలసిన అవసరం ఎందుకు వస్తోంది? కొన్ని ఫోన్లలో రిపేర్ మోడ్ అనే సదుపాయం ఉంది. అది ఆన్ చేసి ఇస్తే మెకానిక్ పరీక్షించగలడు గానీ మీ సమాచారం అతనికి కనబడదు. అది లేని ఫోన్ అయితే పక్కనే నిలబడి మీరే తెరిచి చూపించండి. ఇప్పటికే రాసిచ్చారు కనుక ఈ రోజే గూగుల్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చి, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ జాబితా తెరిచి, మీది కానిదేదైనా కనిపిస్తే లాగ్ అవుట్ చేయండి.

ప్రశ్న: బ్యాకప్ ఆన్‌లో ఉందని సెట్టింగ్స్‌లో చూసుకునే రీసెట్ చేశాను. కొత్తగా సెట్ చేశాక వాట్సాప్ చాట్‌లు రాలేదు, కొన్ని నంబర్లు లేవు, ఆఫీసు లాగిన్‌కు కోడ్‌లు చూపే యాప్ ఖాళీగా ఉంది. ఎక్కడ పొరపాటు జరిగింది? (పటమట, విజయవాడ)

ఇదే ఫిర్యాదు ఇంతమంది నుంచి వస్తూ ఉంటే, పొరపాటు మీ ఒక్కరిదే అనడం అన్యాయం. ‘బ్యాకప్ ఆన్‌లో ఉంది’ అనే మాట అర్ధసత్యం. ఏది భద్రమైంది, ఏది కాలేదు, చివరిసారి ఎప్పుడు పూర్తయింది అన్న మూడు విషయాలను రీసెట్‌కు నొక్కే ఎర్ర బటన్ పక్కనే చూపించడం తయారీదారులకు పెద్ద పని కాదు. కెమెరాకు ప్రతి ఏడాదీ కొత్త హంగులు చేర్చేవారు, జీవితకాలపు ఫొటోలను చెరిపే తెర మీద మాత్రం ఎన్నో ఏళ్లుగా అదే ముక్తసరి హెచ్చరికతో సరిపెట్టుకుంటున్నారు. పైగా, కొన్ని ఫోన్లలో గూగుల్ ఖాతాతో పాటు తయారీదారు సొంత క్లౌడ్ (ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు) కూడా ఉంటుంది, ఫొటోలు ఒకచోటికి, నంబర్లు మరోచోటికి పోతుంటాయి. ఆ రెండో ఖాతా పాస్‌వర్డ్ గుర్తున్నవారు నాకు అరుదుగా తారసపడ్డారు.

గూగుల్ ఇచ్చే ఉచిత స్థలం 15 జీబీ మాత్రమే. మెయిళ్లు, డ్రైవ్, ఫొటోలు అన్నీ దానిలోనే సర్దుకోవాలి. ఫొటోలకు ఉన్న అపరిమిత ఉచిత సదుపాయం 2021 జూన్ 1తో ముగిసింది. స్థలం నిండిందంటే, స్విచ్ ఆన్‌లోనే కనబడుతున్నా కొత్తవేవీ పైకి చేరవు. వాట్సాప్ బ్యాకప్‌ను ఆ యాప్‌లోనే విడిగా పెట్టుకోవాలి. 2021లో వచ్చిన ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ను, అంటే తాళంచెవి లేనిదే ఎవరూ చదవలేని రహస్య రూపంలో దాచే బ్యాకప్‌ను ఎంచుకుని దాని పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పోగొట్టుకుంటే, ఆ చాట్‌లను వాట్సాప్ సంస్థ కూడా తెరవలేదు. ఫోన్‌లోనో సిమ్‌లోనో సేవ్ చేసిన నంబర్లు ఖాతాలోకి వాటంతట అవి వెళ్లవు. కోడ్‌ల యాప్ విషయంలో ఇప్పుడు మిగిలిన దారి ఆఫీసు ఐటీ విభాగం చేత మళ్లీ నమోదు చేయించుకోవడమే. ఆ యాప్‌ను ముందే కొత్త ఫోన్‌లోకి ఎగుమతి చేసి, కొత్తదానిలో ఒక కోడ్ పనిచేస్తోందని చూసుకున్న తరువాత పాతది చెరపాలి.

బ్యాకప్ పూర్తయిందో లేదో ఆ ఫోన్‌ను అడగకండి. కంప్యూటర్‌లో అదే ఖాతాతో గూగుల్ ఫొటోస్ తెరిచి, నిన్న తీసిన ఫొటో అక్కడ కనబడుతోందా, కాంటాక్ట్స్ తెరిచి ఇటీవల చేర్చిన నంబరు ఉందా అని చూడండి. ఇక్కడ ఇంకొక ప్రమాదం ఉంది. ఫోన్ ఇచ్చేస్తున్నాం కదా అని గూగుల్ ఫొటోస్ యాప్‌లో బొమ్మలన్నీ ఎంచి డిలీట్ చేసేవారు ఉన్నారు. అలా చేస్తే క్లౌడ్‌లో ఉన్న కాపీ కూడా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి కనుక, అలా చేసినవారు వెంటనే వెళ్లి వెనక్కి తెచ్చుకోవాలి. రీసెట్‌కు ముందు ఫొటోలను విడిగా చెరపవలసిన అవసరమే లేదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు తడిసి ఆగిపోయిన ఫోన్ ఇంట్లో ఉంది, ఆన్ కాదు. పాత ఫోన్లకు ప్లాస్టిక్ సామాను ఇస్తామంటూ వీధిలోకి వస్తున్నారు. రీసెట్ చేసిన ఫోన్ నుంచి కూడా ఫొటోలు తీస్తారని విన్నాం. ఏం చేయాలి? (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ)

రీసెట్ తరువాత కూడా తీయగలరన్న మాట ఒకప్పుడు నిజం. 2015లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆండ్రాయిడ్ 2.3 నుంచి 4.3 వరకు ఉన్న 21 వాడిన ఫోన్లను పరీక్షించి, రీసెట్ తరువాత కూడా సందేశాలు, ఖాతా వివరాలు రాబట్టగలిగారు. నేటి ఫోన్లలో సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన ప్రతి ఫోన్‌కూ అది తప్పనిసరి. రీసెట్ చేసినప్పుడు దానిని విప్పే తాళంచెవి నాశనమవుతుంది కనుక, మిగిలిన అక్షరాలు ఎవరికీ అర్థం కావు. మీ ఫోన్‌కు స్క్రీన్ లాక్ ఉండి ఉంటే, ఆన్ కాకపోయినా ఈ రక్షణ చాలావరకు వర్తిస్తుంది. లాక్ పెట్టుకోని ఫోన్ అయితే, బోర్డు బాగుచేసిన మరుక్షణం అంతా బయటపడుతుంది. మెమరీ కార్డుకు మాత్రం సాధారణంగా ఏ ఎన్‌క్రిప్షనూ ఉండదు, తీసి కార్డ్ రీడర్‌లో పెడితే చాలు. దానిని, సిమ్‌ను ముందు బయటికి తీయండి.

వీధిలో వచ్చేవారికి ఇవ్వకండి. 2024 ఆగస్టులో రామగుండం పోలీసులు, సైబర్ నేరగాళ్లకు చేరవేయడానికి పాత ఫోన్లు సేకరిస్తున్నారన్న ఆరోపణపై కొందరిని అరెస్టు చేసి, దాదాపు 4,000 ఫోన్లు స్వాధీనం చేసుకున్నారు. ఒక ప్లాస్టిక్ టబ్బు కోసం మీ పేరు మీద కొన్న ఫోన్‌ను ముక్కూమొహం తెలియనివారి చేతిలో పెట్టడం ఏమాత్రం తగదు. మరో ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరిచి, డివైజ్‌ల జాబితాలో ఈ ఫోన్‌ను ఎంచి సైన్ అవుట్ చేయండి. దూరం నుంచి చెరిపే ఆదేశం కూడా ఇవ్వవచ్చు గానీ, ఫోన్ ఆన్ అయి ఇంటర్నెట్‌కు తగిలినప్పుడే అది అమలవుతుంది. ఆ తరువాత ఫోన్‌ను, వాడేసిన పరికరాలను వెనక్కి తీసుకునే తయారీదారు అధికారిక కేంద్రంలో గానీ గుర్తింపు పొందిన ఈ-వ్యర్థాల సేకరణదారుకు గానీ అప్పగించండి. భయంతో సుత్తి పట్టుకోవద్దు. లిథియం బ్యాటరీ చితికితే నిప్పంటుకుంటుంది, నీళ్లలో నానిన బ్యాటరీ అయితే ఆ ప్రమాదం మరింత ఎక్కువ.