యూనీసైకిల్ కొనాలా, వద్దా?
వ్యాయామానికి, సరదాకి కొత్త యూనీసైకిల్ (ఒంటి చక్రం సైకిల్) కొనాలనుంది, 29 అంగుళాలది తీసుకోవచ్చా, మూలన పడుతుందేమో అన్నారు కదండీ. కొనండి, కానీ 29 వద్దు. నేర్చుకోవడానికి 20 అంగుళాల చక్రమే నయం, పెద్దదైతే ఎక్కడమే కష్టం. మామూలు రకానికి ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రం తిరిగే ఏర్పాటు) ఉండదు. చక్రం తిరిగినంతసేపూ కాళ్లు ఆడాల్సిందే, కాబట్టి వ్యాయామం గురించి బెంగ అక్కర్లేదు! సీటు ఎత్తు మాత్రం సరిచూసుకోండి: పెడల్ కిందికి ఉన్నప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు దాదాపు నిటారుగా ఉండాలి. బరువు సీటు మీదే వేయాలి, పెడళ్ల మీద కాదు. నాకు 10 మీటర్లు తొక్కడానికి రెండు వారాలు పట్టింది, అదీ గోడ పట్టుకుని మొదలెట్టాక. హెల్మెట్, మణికట్టు గార్డులు కూడా కొనేయండి. రోజూ అరగంట కుదరదనుకుంటే, ముందు ఎవరిదైనా అడిగి తొక్కి చూడండి.