స్టూడియో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ప్రశ్న: మా కాలేజీ రేడియో స్టేషన్ బాధ్యత నాది. ఏడాది మొదట్లో 40 మంది విద్యార్థులు పేర్లు ఇస్తారు, పరీక్షల నాటికి నలుగురు మిగులుతారు. ఆ తర్వాత కంప్యూటరే పాటలు వేస్తూ ఉంటుంది. అది చూసి యాజమాన్యం వచ్చే ఏడాది నిధులు తగ్గిస్తానంటోంది. ముందు డబ్బు వెతకాలా, విద్యార్థులనా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: విద్యార్థులనే, అమ్మా. పన్నెండేళ్లు నేనూ ఇలాంటి స్టేషన్ నడిపాను. ఎవరు ఏ రోజు వచ్చారు, ఏం రికార్డు చేశారు, ఎడిటింగ్‌కు ఎన్ని గంటలు కూర్చున్నారు అన్నది పిల్లలే రాసుకునే నోటుపుస్తకం మా బల్ల మీద ఉండేది. బడ్జెట్ సమావేశానికి దాన్నే తీసుకువెళ్లేవాణ్ణి. నా విన్నపాలకు కరగని వాళ్లు ఆ పేజీలు తిప్పి చూసేవారు.

చేరినవాళ్లు జారిపోవడానికి కారణం వంతు కోసం ఎదురుచూపే. అందరికీ మైకు ఆశ చూపుతాం, మైకులు రెండే ఉంటాయి. మొదటి వారంలోనే తలా ఐదు నిమిషాల కార్యక్రమం చేయించండి. గొంతు విప్పడానికి భయపడే ఒక అమ్మాయికి నేను హెడ్‌ఫోన్లు ఇచ్చి ఎడిటింగ్ అప్పగించాను. ముఖాముఖిలో ఒక పెద్దాయన తడబాట్లన్నీ తీసేసి, ఆయన ఊపిరి పీల్చుకున్న చోటు మాత్రం అలాగే ఉంచింది. మర్నాటి నుంచి తాళంచెవి ఆమెకే ఇచ్చాను. చివరి పరీక్షలకు చాలా ముందే ఒక జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో నేర్పి వెళ్లింది.

లైసెన్సు ఎవరి పేరున ఉందో కూడా చూసుకోండి. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం విద్యార్థులు నడిపే కేటీఆర్‌యూ స్టేషన్ లైసెన్సును, 50,000 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సహా 2011లో అమ్మేసింది. పిల్లలు ఎంత ఉత్సాహంగా ఉన్నా అమ్మకం ఆగలేదు. అయినా వాళ్లు ఇంటర్నెట్‌లో ప్రసారాలు కొనసాగించి, 2015లో తక్కువ శక్తి ఎఫ్‌ఎం లైసెన్సుతో తిరిగి వచ్చారు. మనుషులు మిగిలారు కాబట్టే అది సాధ్యమైంది.

ఇక డబ్బు. కరెంటు, పాటల రాయల్టీ, మరమ్మతుల వంటి ఏటేటా ఖర్చును కాలేజీనే అడగండి. పరికరాల కోసం పూర్వ విద్యార్థులను అడగండి. అయితే ఉత్తి ఉత్తరం రాయకండి. వాళ్ల మొదటి రికార్డింగ్ మీ దగ్గర ఉంటే అందులో అర నిమిషం పంపండి. పందొమ్మిదేళ్ల వయసు నాటి తన గొంతు విన్న ఒకాయన ఆ సాయంత్రమే ఫోన్ చేసి, 'మిక్సర్ ఇంకా అదేనా?' అని అడిగాడు. అదేనన్నాను. కొత్తది ఆయనే కొనిచ్చాడు.