క్రిప్టోకరెన్సీ లోపల అసలు ఏం జరుగుతుంది? ఎక్కడ మొదలుపెట్టి నేర్చుకోవాలి?

బ్లాక్‌చెయిన్ అంటే అందరి దగ్గరా కాపీ ఉండే ఖాతా పుస్తకం అన్నంతవరకు అర్థమైందని, ఆ తర్వాత ఏ వీడియో చూసినా అడుగు ముందుకు పడటం లేదని రాశారు. కాయిన్ ఎక్కడుంటుంది, వాలెట్‌లో ఏముంటుంది, మైనర్లు చేసే లెక్క ఏమిటి అన్నవి మీ ప్రశ్నలు. నేను హైదరాబాద్‌లో బ్యాకెండ్ ప్రోగ్రామర్‌ని. బ్లాక్‌చెయిన్ అనే మాటను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఒకే ఒక్క బిట్‌కాయిన్ లావాదేవీని విప్పి చూశాకే నాకు దీని మీద పట్టు దొరికింది. మీరూ అలాగే చేయండి. మిగతా కాయిన్ల జోలికి ఇప్పుడే పోవద్దు.

బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో కాయిన్ అనే ఫైలు ఎక్కడా ఉండదు. ఫలానా వాళ్ల దగ్గర ఇంత బ్యాలెన్స్ ఉందని రాసిపెట్టిన పట్టిక కూడా లేదు. ఉన్నవి లావాదేవీలు. లావాదేవీలన్నీ చూపించే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ సైట్ ఏదైనా తెరిచి ఒకదాని మీద నొక్కి చూడండి. ఒకవైపు ఇన్‌పుట్లు, ఇంకోవైపు అవుట్‌పుట్లు కనిపిస్తాయి. అవుట్‌పుట్‌లో ఉండేవి రెండే: ఎంత మొత్తం, దాన్ని ఖర్చుపెట్టాలంటే ఏ షరతు తీరాలి. ఇన్‌పుట్ ఏమో పాత లావాదేవీలోని ఒక అవుట్‌పుట్‌ను చూపించి, దాన్ని ఇప్పుడు వాడేస్తున్నానని చెబుతుంది. ఒకసారి వాడిన అవుట్‌పుట్ ఇక పనికిరాదు. మీ కీలతో ఖర్చుపెట్టగలిగే, ఇంకా వాడని అవుట్‌పుట్లన్నీ వెతికి కూడితే వచ్చేదే వాలెట్ చూపించే బ్యాలెన్స్.

అవుట్‌పుట్‌ను సగం వాడటం కుదరదు. మీ దగ్గర 0.05 బిట్‌కాయిన్ల అవుట్‌పుట్ ఒకటి ఉంది, 0.02 పంపాలి అనుకోండి. కిరాణా కొట్లో 500 నోటు ఇచ్చి చిల్లర తీసుకున్నట్టే ఇక్కడా. అవతలివాళ్లకి 0.02 ఒక అవుట్‌పుట్, మీకే తిరిగి 0.0299 ఇంకో అవుట్‌పుట్. మరి మిగిలిన 0.0001? అది ఫీజు. లావాదేవీలో ఫీజు అని విడిగా రాసే గడే లేదు. ఇన్‌పుట్ల మొత్తంలోంచి అవుట్‌పుట్ల మొత్తం తీసేయగా ఎంత మిగిలితే అంతా ఆ లావాదేవీని ఖాతా పుస్తకంలోకి ఎక్కించే మైనర్‌కి పోతుంది. సొంతంగా కోడ్ రాసేవాళ్లు చిల్లర అవుట్‌పుట్ పెట్టడం మర్చిపోతే ఆ 0.03 మొత్తం ఫీజే. ఈ చిన్న వివరం దగ్గరే నాకు మిగతాదంతా ఒక్కసారిగా అతుక్కుంది.

ఇక వాలెట్ సంగతి. అందులో ఉండేవి కీలు. ప్రైవేట్ కీ అంటే 256 బిట్ల సంఖ్య. దాని నుంచి ఎలిప్టిక్ కర్వ్ గణితంతో పబ్లిక్ కీ వస్తుంది, పబ్లిక్ కీ నుంచి అడ్రస్ తయారవుతుంది. ముందుకు లెక్క కట్టడం క్షణంలో పని, వెనక్కి వెళ్లడం ఆచరణలో అసాధ్యం. ఆ గణితాన్ని ప్రస్తుతానికి నమ్మేసి ముందుకెళ్లండి, తీరిగ్గా చూసుకోవచ్చు. ప్రైవేట్ కీతో లావాదేవీ మీద సంతకం చేస్తారు. మామూలు సంతకంలో మొత్తంలో ఒక్క అంకె మార్చినా అది చెల్లదు. వాలెట్ రాసుకోమనే 12 పదాలు కూడా ఊరికే వేసిన పదాలు కావు. 2048 పదాల జాబితాలోంచి వచ్చే ఒక్కో పదం 11 బిట్లు, మొత్తం 132. అందులో 128 యాదృచ్ఛికం, చివరి 4 సరిచూసుకోవడానికి. అందుకే మొదటి 11 పదాలు ఏవైనా తీసుకోవచ్చు గానీ పన్నెండోదిగా 2048లో 128 పదాలే చెల్లుతాయి. ఆ పదాలు తెలిసినవాళ్లకి మీ కీలన్నీ తెలిసినట్టే. ఎవరడిగినా, ఏ కారణం చెప్పినా ఇవ్వకండి.

ఇక్కడిదాకా మైనింగ్ ఊసే రాలేదు చూడండి. డబ్బు నాదేనని సంతకం రుజువు చేస్తుంది. కానీ అదే అవుట్‌పుట్‌ను రెండు లావాదేవీల్లో వాడి, రెండింటి మీదా సంతకం చేసి, ఒకటి మీకు, ఇంకొకటి వేరొకరికి పంపితే? రెండు సంతకాలూ సరైనవే. ఏది ముందు అని తేల్చడానికి మధ్యలో బ్యాంకు లేదు. ఆ వరుస తేల్చడానికే మైనింగ్. చాలా వీడియోలు ఈ ప్రశ్నను దాటేసి నేరుగా మైనింగ్ మొదలుపెడతాయి, అక్కడే చూసేవాళ్లు తప్పిపోతారని నా అభిప్రాయం.

మైనర్లు కఠినమైన గణిత సమస్యలు సాధిస్తారనే మాట మర్చిపోండి. లావాదేవీల కట్టను బ్లాక్ అంటారు, దాని తల భాగమైన బ్లాక్ హెడర్ 80 బైట్లు. అందులో ముందు బ్లాక్ హ్యాష్ (డేటా నుంచి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య), ఈ బ్లాక్‌లోని లావాదేవీలన్నిటి సారంగా ఒక హ్యాష్, సమయం, నాన్స్ అనే సంఖ్య వగైరా ఉంటాయి. దాన్ని షా-256 అనే హ్యాష్ పద్ధతితో రెండుసార్లు హ్యాష్ చేస్తే వచ్చే సంఖ్య నిర్ణీత హద్దును మించకూడదు. మించితే నాన్స్ మార్చి మళ్లీ. నాన్స్‌కున్న 429 కోట్ల విలువలూ అయిపోతే హెడర్‌లో ఇంకేదైనా మార్చి మళ్లీ. అంతే. పైథాన్‌లో పది లైన్లు రాసి చూడండి: మీ పేరు చివర ఒక సంఖ్య తగిలించి, పెంచుకుంటూ, హెక్స్‌లో (16 అంకెల పద్ధతిలో) రాసిన హ్యాష్ నాలుగు సున్నాలతో మొదలయ్యేదాకా తిప్పండి. సగటున 65,536 ప్రయత్నాలు, ల్యాప్‌టాప్‌లో కళ్లు మూసి తెరిచేలోపు వస్తుంది. ఒక్కో సున్నా పెంచినప్పుడల్లా పని 16 రెట్లు. ఏడు సున్నాలకి నిమిషాల తరబడి ఫ్యాన్ హోరు వింటారు. వచ్చిన జవాబును సరిచూడటానికి మాత్రం ఎప్పుడైనా ఒక్క హ్యాషే చాలు.

పాత బ్లాక్‌లో ఒక లావాదేవీ మారిస్తే దాని హ్యాష్ మారుతుంది, తర్వాతి బ్లాక్ చూపించే హ్యాష్‌తో పొసగదు, అక్కడి నుంచి పనంతా మళ్లీ చేయాలి. ఈలోగా మిగతా మైనర్లు ముందుకు పోతూనే ఉంటారు. ఎక్కువ పని జరిగిన బ్లాకుల గొలుసునే నోడ్లన్నీ, అంటే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నీ, ఒప్పుకుంటాయి. సగటున పది నిమిషాలకో బ్లాక్ వచ్చేలా ప్రతి 2016 బ్లాకులకీ హద్దు సవరించుకుంటాయి. కొత్త బిట్‌కాయిన్లు పుట్టేది ప్రతి బ్లాక్‌లోని మొదటి లావాదేవీలో. 2009లో బ్లాక్‌కి 50, ప్రతి 2,10,000 బ్లాకులకీ సగమవుతూ 2024 ఏప్రిల్ నుంచి 3.125.

ఇథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్ వేరు: అందులో అకౌంట్లు, బ్యాలెన్సులు నిజంగానే ఉంటాయి, 2022 సెప్టెంబర్ నుంచి మైనింగ్ లేదు.

ఇదంతా తెలిసి ఏం లాభం అంటారేమో. మా బంధువొకాయన ఒక యాప్‌లో డబ్బు పెట్టారు. తెర మీద బిట్‌కాయిన్ బ్యాలెన్స్ రోజూ పెరుగుతోంది. "బాబాయ్, కొంచెం నా అడ్రస్‌కి పంపి లావాదేవీ ఐడీ ఇవ్వమనండి" అన్నాను. ముందు టాక్స్ కట్టాలన్నారు ఆ యాప్ వాళ్లు. ఐడీ ఎప్పటికీ రాలేదు. పెట్టిన డబ్బు పోయింది, టాక్స్ పేరుతో మరికొంత పోకుండా ఆపగలిగాం. యాప్ చూపించే అంకె ఆ కంపెనీ డేటాబేస్‌లో ఉన్న అంకె. గొలుసు మీద ఉన్నది ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈ తేడా మన ఇళ్లలో పెద్దవాళ్లకి తెలియాలని గట్టిగా కోరుకుంటున్నాను.

సాధనకి రూపాయి ఖర్చు అక్కర్లేదు. బిట్‌కాయిన్ కోర్ అనే నోడ్ సాఫ్ట్‌వేర్‌ను రెగ్‌టెస్ట్ అనే పరీక్షల మోడ్‌లో నడపండి, మీ ల్యాప్‌టాప్‌లోనే సొంత గొలుసు తయారవుతుంది. ఒక బ్లాక్ మైన్ చేస్తే 50 బిట్‌కాయిన్లు వస్తాయి, కానీ ఖర్చుపెట్టబోతే కుదరదు. పైన ఇంకో 100 బ్లాకులు పడాలి. అవి పడ్డాక ఒక లావాదేవీ తయారుచేసి, సంతకం చేసి, పంపేముందు ఒక్క అక్షరం మార్చండి. నోడ్ ఎందుకు తిప్పికొట్టిందో చదవండి. తర్వాత బిట్‌కాయిన్‌ను పరిచయం చేస్తూ 2008లో దాని సృష్టికర్త సతోషి నకమోటో రాసిన తొమ్మిది పేజీల వైట్‌పేపర్ పట్టుకోండి, ఇప్పుడు సాఫీగా నడుస్తుంది. 11వ విభాగంలో సంభావ్యత లెక్కలు వస్తాయి, మొదటిసారికి అది వదిలేసినా నష్టం లేదు.