పువ్వుల మీద ఈగ ఎందుకు?

ప్రశ్న: పదిహేడో శతాబ్దపు యూరప్ చిత్రకారులు పువ్వులనూ పండ్లనూ అంత ముచ్చటగా చిత్రించి, వాటి పక్కనే ఈగనో పురుగు కొట్టిన ఆకునో ఎందుకు చేర్చారు? ఒక్కొక్క పువ్వుకూ పండుకూ ఒక్కొక్క అర్థం ఉందనడం నిజమేనా?

జవాబు: మిలాన్ నగరంలోని అంబ్రోజియానా చిత్రశాలలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1590ల చివర చిత్రించిన పండ్ల బుట్ట ఉంది. అందులో ఆపిల్‌కు పురుగు తొలిచిన బెజ్జం స్పష్టంగా కనబడుతుంది, కుడివైపు ఆకులు ముడుచుకుని వడలిపోయాయి. మనిషి ఆయువు గడ్డివంటిదనీ, అతడు అడవి పువ్వులా పూసి గాలికి కనబడకుండా పోతాడనీ చెప్పే బైబిల్‌లోని 103వ కీర్తన నాటి క్రైస్తవులకు బాగా తెలిసినదే కాబట్టి, వాడిన ఆకు దేనిని గుర్తుచేస్తుందో ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. గొంగళిపురుగు నుంచి వెలువడే సీతాకోకచిలుకను పునరుత్థానానికీ (చనిపోయి తిరిగి లేవడానికీ), ద్రాక్షను ప్రభురాత్రి భోజనంలోని రసానికీ సంకేతంగా చూడటమూ ఉండేది.

అయితే నిఘంటువు చూసినట్టు పువ్వుకొక అర్థం వెతుక్కుంటూ పోతే చిత్రం చేజారిపోతుంది. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరపు మౌరిట్స్‌హాయిస్ చిత్రశాలలో ఉన్న, పువ్వుల చిత్రకారుడు బోస్కార్ట్ చిత్రాన్నే (సుమారు 1618) తీసుకోండి. కిటికీలో పెట్టిన కూజాలో వసంతంలో పూసే తులిప్‌లూ, వాటి తరువాత ఎప్పటికో విచ్చే గులాబీలూ ఒక్కచోట ఉన్నాయి. చిల్లులు పడిన ఆకులున్నాయి, ఈగ ఉంది, గట్టు మీద దూరదేశాల గవ్వలూ ఉన్నాయి. ఇటువంటి గుత్తి ఆ రోజుల్లో ఏ తోటలోనూ ఒకేసారి దొరికేది కాదు. విడివిడిగా వేసిపెట్టుకున్న నమూనాల నుంచి కూర్చినది. పైగా 1637 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లో తులిప్ ధరలు కుప్పకూలేదాకా అరుదైన తులిప్ దుంప సంపన్నుల సొత్తు కాబట్టి, ఆ కూజాలో వైరాగ్యంతోపాటు వైభవమూ ఉందని నా అభిప్రాయం.

కారవాజ్జో బుట్ట ఎవరిదో తెలిస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. దాని యజమాని మిలాన్ ఆర్చిబిషప్ ఫెదెరికో బొర్రోమెయో. ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) చిత్రకారుడు యాన్ బ్రూగెల్ చేత పువ్వుల చిత్రాలు వేయించుకున్నదీ ఆయనే. అంతటి మతాధికారి కూడా, చలికాలంలో మంచు అంతటినీ కమ్మేసినప్పుడు చిత్రంలోని పువ్వులను చూసి ఆనందించేవాడినని రాసుకున్నాడు! మరణాన్నే గుర్తుచేయదలచిన చిత్రకారులు, ముఖ్యంగా నెదర్లాండ్స్‌లోని లైడెన్ పట్టణం వారు, పుర్రెనూ ఇసుక గడియారాన్నీ ఆరిపోయిన దీపాన్నీ సూటిగానే పెట్టేవారు. బోస్కార్ట్ కిటికీలో అవేవీ లేవు.