ఇద్దరికీ ఓకే అంటే సరిపోదు బుజ్జీ

బుజ్జీ,

నీ పొడుగాటి మెసేజ్ చదివాను. ఇంట్లో నాతో ఉండే అతన్నీ, కొత్తగా వచ్చిన ఈ అమ్మాయినీ ఇద్దరినీ ప్రేమిస్తున్నా, ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు, ఇద్దరికీ ఓకే, అయినా ఇది సీరియస్సే అని ఎలా ప్రూవ్ చేసుకోవాలి పెద్దమ్మా అని అడిగావు. ముందు ఆ ప్రూవ్ చేసే పని మానెయ్. డేటింగ్, పెళ్లి, ఇల్లు, పిల్లలు అని ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోతే అదే కమిట్‌మెంట్ అని లోకం అనుకుంటుంది, పాలీ వాళ్లు, అంటే అందరికీ తెలిసే ఒకరికంటే ఎక్కువమందిని ప్రేమించేవాళ్లు, దాన్ని రిలేషన్‌షిప్ ఎస్కలేటర్ అంటారు. అది ఎక్కినవాళ్లు ఏమీ మాట్లాడుకోకపోయినా నడిచిపోతుంది. నీకలా కుదరదు, ఎవరికి ఏం ఇవ్వగలవో ఏం ఇవ్వలేవో నువ్వే కూర్చుని చెప్పాలి.

నువ్వంటే ప్రాణం అనడం ఫీలింగ్ అమ్మా, మంచిదే. గురువారం సాయంత్రం నీది, మార్చాల్సి వస్తే ముందు నిన్నే అడుగుతా అనడం కమిట్‌మెంట్. పిల్లలు వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు, కలిసి ఒకే ఇంట్లో ఉండే ఉద్దేశం ఆ అమ్మాయితో లేకపోతే అదీ ఇప్పుడే చెప్పు, ఆశ పెట్టి తర్వాత చూద్దాంలే అనకు.

అన్నిటికంటే కష్టం మధ్యలో ఉండటం. ఇద్దరు పార్టనర్ల మధ్య ఉన్న మనిషిని హింజ్ అంటారు కదా, ఇప్పుడు అది నువ్వే. గురువారం ఆ అమ్మాయితో బయటికి వెళ్లాలి, సరిగ్గా ఆ మధ్యాహ్నమే అతనికి జ్వరం వచ్చింది అనుకో. ఉండమంటావా వెళ్లమంటావా అని అతన్ని అడిగితే పాపం ఏం చెప్తాడు, వెళ్లు అంటాడు, మొహం మాత్రం వేలాడేస్తాడు. నువ్వు ఆగిపోయి ఆ అమ్మాయికి ఫోన్ చేసి "తను ఉండమన్నాడే, ఏం చేయను" అంటావు. అయిపోయింది, ఎప్పుడూ సరిగా మాట్లాడుకోని ఇద్దరి మధ్య నువ్వే పుల్ల పెట్టావు. జ్వరం ఎంతుందో చూడు, మాత్రలు, మంచినీళ్లు దగ్గర పెట్టి వెళ్లిపోయే జ్వరమా, పక్కన మనిషి ఉండాల్సిన జ్వరమా నువ్వే డిసైడ్ చెయ్యి. ఆగాలనుకుంటే "నేను ఇక్కడ ఉండాలనుకుంటున్నా, నీ సాయంత్రం పాడుచేస్తున్నాను, శనివారం నీకు కుదురుతుందా" అని నీ నోటితో, నీ పేరు మీద చెప్పు. తిట్లు పడితే నువ్వే పడు. అతని మాట ఆమెకీ ఆమె మాట అతనికీ మోసే పని అసలు పెట్టుకోకు, వాళ్లకి ఏదైనా ఉంటే వాళ్లే మాట్లాడుకుంటారు.

ఇప్పుడు నీకున్న ఊపుని ఎన్ఆర్ఈ అంటారు, కొత్త రిలేషన్‌షిప్ మత్తు అన్నమాట, కొన్ని నెలలు ఉంటుంది, కొందరికి ఒకట్రెండేళ్లు కూడా. దాన్ని ఎంజాయ్ చెయ్ తల్లీ, నేనేం వద్దనను, కాకపోతే ఆ మత్తులో ఇల్లు మారడం, డబ్బులు కలిపేసుకోవడం లాంటివి చేయకు. ఇంకోటి, అన్నం తింటూ ఫోన్ చూసి నవ్వుకుంటుంటావే, అది అతను చూస్తాడు, ఏమీ అనడు. అతనితో ఉన్న టైమంతా కరెంటు బిల్లులకీ బట్టలు మడతపెట్టడానికీ పోయి, డేట్ అనేది ఆ అమ్మాయికే మిగిలితే ఇంక అతనికి ఏం దక్కినట్టు? అతనితోనూ రెడీ అయ్యి బయటికి వెళ్లు.

జెలసీ రాకూడదు అని మాత్రం రూల్ పెట్టుకోకండి. పార్టనర్ ఇంకొకరితో సంతోషంగా ఉంటే మనకీ సంతోషం కలగడాన్ని కంపర్షన్ అంటారు, శాన్ ఫ్రాన్సిస్కోలో కెరిస్టా అని అందరూ కలిసి బతికే ఒక కమ్యూన్ ఉండేది, ఆ మాట వాళ్ల దగ్గరే పుట్టింది, ఆ కమ్యూన్ కూడా 1991లో విడిపోయింది. కాబట్టి అది వస్తే సరే, రాకపోతే నువ్వేం ఫెయిల్ అయినట్టు కాదు. జెలసీ వచ్చినప్పుడు దేని గురించో అడుగు, చాలాసార్లు అది పడక గురించి కాదు, టైమ్ గురించి, లేదా అందరికంటే చివర్లో తెలిసింది అన్న బాధ గురించి.

ఇంటిమసీ అంటే పడక ఒక్కటే కాదు. అతను రాత్రిపూట చెప్పుకున్న భయం ఆ అమ్మాయి దగ్గరికి కబురుగా వెళ్లకూడదు, నిజాయితీ పేరుతో అన్నీ చెప్పేయడం నాకు అస్సలు నచ్చదు. చెప్పి తీరాల్సింది ఒంటి సంగతి. ఎవరితో ప్రొటెక్షన్ వాడుతున్నావు, ఎవరితో ఆపాలనుకుంటున్నావు, అది ఆపకముందే ఇద్దరికీ తెలియాలి. ముగ్గురూ సుఖవ్యాధుల టెస్టులు చేయించుకోండి, రిస్క్ జరిగిన మర్నాడే పరిగెత్తితే లాభం లేదు, ల్యాబ్‌లో చేసే ఫోర్త్ జనరేషన్ హెచ్ఐవీ టెస్ట్ కూడా 45 రోజులు దాటాకే గట్టిగా చెప్తుంది, సిఫిలిస్‌కి 90 రోజులు. క్లమీడియా చాలామందికి ఏ లక్షణమూ చూపించదు. హెచ్‌పీవీని కాండోమ్ పూర్తిగా ఆపలేదు, వ్యాక్సిన్ గురించి డాక్టర్ని అడగండి. నా మీద నమ్మకం లేదా అని ఎవరైనా అలిగితే అలగనివ్వు.

వీటో, అంటే ఒకరు వద్దంటే ఇంకో రిలేషన్‌షిప్ ఆపేయాలన్న రూల్, దాని సంగతి కూడా అడిగావు. నాకది ఇష్టం లేదు. ఆ అమ్మాయి రాకముందు మీరిద్దరూ రాసుకున్న రూల్‌తో ఆమెని ఒక్క మాటతో బయటికి పంపేయడం ఏం న్యాయం? నాకు ఇబ్బందిగా ఉంది అని అతను చెప్పొచ్చు, విని ఏం చేయాలో నువ్వు తేల్చుకోవాలి.

కాగితాలు మాత్రం వాయిదా వేయకు. అమెరికాలో సోమర్‌విల్ సిటీ 2020లో ఇద్దరి కంటే ఎక్కువమందికి డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్, అంటే పెళ్లి కాకపోయినా జంటగా ఇచ్చే గుర్తింపు, ఒప్పుకుంది, పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్ 2021లో. అలాంటి చోట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, మిగతా చోట్ల హాస్పిటల్లో సంతకం అన్నా ఆస్తి అన్నా చట్టం కంటికి కనిపించేది ఒక్కరే. నీకు స్పృహ లేకపోతే ఎవరు మాట్లాడాలి, నీ తర్వాత ఎవరికి ఏం పోవాలి అన్నది లాయర్ దగ్గర రాయించు.

వాళ్లిద్దరినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలని నీకు తొందరగా ఉంది, తెలుస్తోంది. ఇద్దరినీ విడివిడిగా అడుగు. ఒకరు వద్దంటే అక్కడితో ఆపు, ఆరునెలల తర్వాత మళ్లీ అడగొచ్చు.

మీ పెద్దమ్మ